హౌసింగ్ పోయింది బావా

3, సోమవారం

షెడ్డుకొచ్చిన బండిలో సౌండు ఎక్కడిదో పట్టుబడకపోతే ఈ నోటుబుక్కు తీస్తాను. ఎప్పుడొచ్చింది, ఎంత స్పీడులో, ఏ మలుపులో అని నాలుగు రోజులు రాసుకుంటే అదే దొరుకుతుంది. ఇప్పుడు బావ జీపు వంతు.

వెనక నుంచి వూఁ అని ఏడుపు. నలభై దాటాక మొదలు. యాక్సిలరేటర్ తొక్కితే గట్టిగా వస్తుంది, కాలు తీస్తే కాస్త తగ్గుతుంది. వాటర్ ట్యాంకు దాకా బావ పక్కన కూర్చుని వెళ్లొచ్చాను. దారంతా బావ రోడ్డు కంటే నా మొహమే ఎక్కువ చూశాడు, ఎక్స్‌రే చేతిలో పట్టుకున్న డాక్టర్ని చూసినట్టు. ఏమంటావు బామ్మర్దీ అన్నాడు. నీకంటే నీ జీపుకే గొంతు బాగుంది, సంగీతం నేర్పిద్దాం అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చూసి, టైర్లే అయ్యుంటాయని చెప్పేశాను.

ఆ జీపుకి ముప్పై ఏళ్లు దాటాయి. రోజూ పొద్దున పన్నెండు మందిని కొండ మీద క్వారీకి ఎక్కిస్తుంది, సాయంత్రం దింపుతుంది. ముందు సీట్లో మా అక్క. క్వారీలో వంట అక్కదే. దిగేటప్పుడు ఎనిమిది మలుపులు. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ లేదు. వెనక చక్రాల మధ్య గేర్లుండే ఇనప డొక్క, హౌసింగు, అందులో బేరింగు పట్టేసిందంటే రెండు చక్రాలూ ఒక్కసారే బిగుసుకుంటాయి. అది మలుపులో జరిగితే

టైర్లే అయ్యుంటాయి.

పోయిన నెల వంతెన అవతల మేస్త్రీ దగ్గర బావ హౌసింగు విప్పించాడు. ఆ సంగతి ఇందులోకి తేనక్కర్లేదు.

4, మంగళవారం

ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను. గాలి సరిచేశాను. తగ్గింది అన్నాడు బావ. తగ్గలేదు.

5, బుధవారం

ఇవాళ ఇంజను నుంచి వెనక్కొచ్చే షాఫ్టుకుండే జాయింటు క్రాసు మీద పెట్టాను నేరం. పాతది ఊడదీసి కొత్తది వేశాను. అది పోతే గేరు మార్చినప్పుడల్లా టక్కుమంటుంది గాని ఇలా ఏడవదు. ఈ ముక్క నేనే పదిమందికి నేర్పాను. అయినా రెండు గంటలు జీపు కింద పడుకున్నాను. నడుం పట్టేసింది. పాత క్రాసు బావ చేతిలో పెట్టి, చూడు ఎంత లూజుందో అన్నాను. బావ దాన్ని అటూ ఇటూ ఊపి, అవునవును అన్నాడు. అందులో లూజు లేదు. నేనన్నాను కాబట్టి ఆయన చేతికి లూజు తగిలింది.

సౌండు అలాగే ఉంది. కొత్త క్రాసు కదా, సర్దుకోవాలి అని చెప్పాను.

ఇంట్లో మా ఆవిడ కంచం వంక చూసి, మూడు రోజులుగా ఎవర్నీ ఏడిపించలేదు, ఒంట్లో బాలేదా అంది. నీ చెల్లెలు రాలేదు కదా, ఎవర్ని ఏడిపించను అన్నాను. ఆవిడ నవ్వలేదు. నాకూ రాలేదు నవ్వు.

6, గురువారం

రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

బావకీ నాకూ ఇది ఇరవై ఏళ్ల ఆట. పెళ్లయిన కొత్తలో బావ హారన్ వైరు తీసుకెళ్లి బ్రేకు పెడలుకి కలిపాను. బ్రేకు తొక్కినప్పుడల్లా కుయ్యిమంటుంటే ఊరంతా తిరిగొచ్చాడు పాపం, అందరూ ఎందుకు పక్కకి తప్పుకుంటున్నారో తెలియక. దానికి బదులు నా పద్నాలుగో నంబరు స్పానర్ని బల్లకి వెల్డింగు చేయించి పోయాడు. అది ఇప్పటికీ బల్లకే ఉంది. ఒకరు చేస్తే రెండోవాడు పట్టుకోవాలి, పట్టుకున్నాక టీ తాగాలి. అంతే రూలు.

పోయిన నెల వెనక కుడి చక్రం క్యాపు తీసి లోపల గోలీకాయంత ఇనప గుండు వేసి మూశాను. నెమ్మదిగా పోతే లొడలొడ, స్పీడెక్కితే మాయం. ఏ మెకానిక్కయినా ఇట్టే పట్టేస్తాడు. బావ మెకానిక్కు కాదు. పరుగున తెచ్చాడు. నేను చక్రం దగ్గర చెవి పెట్టి, కళ్లు మూసుకుని, ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుని, "హౌసింగ్ పోయింది బావా" అన్నాను. ఆయన మొహం తెల్లబడింది. నాకు లోపల పగలబడి నవ్వొస్తోంది. సాయంత్రం అందరూ చేరాక క్యాపు ఊడదీసి గుండు చూపించాలని ప్లాను.

మధ్యాహ్నం లోయలో ట్రాక్టరు ఆగిపోయిందని పిలుపొచ్చింది. పోయాను. రెండు రోజులు పట్టింది. అక్కడ ఫోన్ అందదు. తిరిగొచ్చేసరికి బావ నా కోసం చూసి చూసి, జనాన్ని ఎక్కించుకుని పోయే బండి, ఆలస్యం చేస్తే ఎలా అని వంతెన అవతల మేస్త్రీ దగ్గరికి తోలుకుపోయాడు. హౌసింగు విప్పించి, మళ్లీ బిగించి తెచ్చేశాడు. "సౌండు పోయింది బామ్మర్దీ, నువ్వు కరెక్టుగా చెప్పావు" అని నా భుజం తట్టాడు.

అప్పుడు చెప్పాల్సింది. నేనూ నవ్వాను.

ఏడుపు ఆ తర్వాతే మొదలైంది. రాతిలాంటి హౌసింగది. నేను తమాషాకి అన్న మాట మీద దాన్ని విప్పారు.

8, శనివారం

బావ క్వారీ నుంచి దిగగానే, ఇంజను ఇంకా వేడిగా ఉండగానే కింద దూరాను. మొదట వెనక చక్రాలు రెండిటి బ్రేకు డ్రమ్ముల మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. తర్వాత హౌసింగు బొజ్జ మీద పెట్టాను. వెచ్చగా ఉంది, పర్లేదు. ఆఖరికి షాఫ్టు వచ్చి తగిలే మూతి దగ్గర పెట్టాను. మూడు లెక్కపెట్టేలోపు చెయ్యి లాగేశాను. చూపుడు వేలు బొబ్బెక్కింది.

నూనె తీసే బిరడాకి అయస్కాంతం ఉంటుంది. దానికి వెండి రంగు బురద పట్టింది. బురదంటే పర్లేదు, ఏ బండికైనా పడుతుంది. వేలితో రుద్దితే గరుకు తగిలింది. ఇనప రేకులు, లోపల ఏదో రాలుతోంది. తుడిచేసి, కొత్త నూనె పోసి బిగించాను.

ఏముంది లోపల అని బావ అడిగాడు. మామూలే అన్నాను.

9, ఆదివారం

షెడ్డు మూసే ఉంది. అయినా వచ్చి కూర్చున్నాను.

నాకు తెలుసు ఏమైందో. హౌసింగులో షాఫ్టు తిప్పే చిన్న గేరు, పినియన్ గేరుకి ముందొక బేరింగు, వెనకొక బేరింగు. రెండిటి మధ్య కాగితమంత పల్చటి రేకు వాషర్లు ఉంటాయి. అవి ఎన్ని వచ్చాయో అన్నే వెయ్యాలి, పెద్ద నట్టు బిగించాక గేరుని చేత్తో తిప్పి చూడాలి. కాస్త బరువుగా తిరగాలి గాని మొరాయించకూడదు. వంతెన అవతల మేస్త్రీ లారీలు చేసే మనిషి. లారీ పద్ధతిలో బలంగా బిగించేసి ఉంటాడు. బేరింగు ఊపిరాడక వేడెక్కుతోంది. వేడికి ఇంకా బిగుస్తోంది. బిగిసేకొద్దీ వేడి.

ఆయన్ని తిట్టుకుందామని చూశాను. కుదరలేదు. బాగున్నదాన్ని విప్పమంటే ఎవడైనా ఏం చేస్తాడు?

ఒక మాట అబద్ధం రాశాను పైన. లోయలో ఫోన్ అందుతుంది. గుట్ట ఎక్కితే చాలు. రెండుసార్లు ఎక్కాను కూడా, మా ఆవిడతో మాట్లాడ్డానికి. బావకి చెయ్యలేదు. ఇంకో రోజు భయపడితే కథ ఇంకా బాగుంటుందని.

10, సోమవారం

పొద్దున బావని అటకాయించాను. బావా, బండి రెండ్రోజులు వదిలెయ్యి, హౌసింగు ఒకసారి చూద్దాం అన్నాను. మామూలుగా అన్నట్టే అన్నాను.

"పోయిన నెలే కదరా విప్పింది? మొన్న టైరన్నావు, నిన్న క్రాసన్నావు. మళ్లీ హౌసింగంటావేంటి? తేల్చుకుని చెప్పు," అన్నాడు బావ. కోపంగా కాదు. నిజంగానే నేను తేల్చుకుని చెప్తానని. మళ్లీ ఎందుకు విప్పాలో చెప్పాలంటే ముందు ఎందుకు విప్పారో చెప్పాలి. నేను టైరుని కాలితో తన్ని, సరే చూద్దాంలే అన్నాను.

అక్క ముందు సీట్లోంచి, వాడికి పనిలేక మన బండి మీద పడ్డాడు, పోనివ్వండి అంది.

వెళ్లేటప్పుడు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

11, మంగళవారం

ఇవాళ చెప్దామనుకున్నాను. బావ టీ తెప్పించాడు. తాగాం.

12, బుధవారం

కాలు తీసినా ఏడుపు ఆగట్లేదు ఇప్పుడు. తొక్కినా అంతే, వదిలినా అంతే. బావకి అలవాటైపోయినట్టుంది, దాని గురించి అడగటం మానేశాడు. అడిగితే బాగుండును.

సాయంత్రం ఐదున్నర నుంచి రోడ్డు మీదే నిలబడ్డాను. రోజూ ఆరింటికి దిగుతారు. ఆరు, ఆరుంపావు, ఆరున్నర. టీకొట్టాయన, ఎవరికైనా ఉచ్చు పన్నావా గురువా, పిల్లిలా కాచుకున్నావు అని ఆటపట్టించాడు. అవునన్నాను. ఏడింటికి వచ్చారు. క్వారీలో పని ఆలస్యమైందట. పన్నెండు మందినీ లెక్కపెట్టుకున్నాను. పదమూడు, అక్కతో. పద్నాలుగు, బావతో.

రేపు చెప్తాను.

13, గురువారం

రాత వంకరగా పోతోంది.

పొద్దున ఏడింటికి జీపు మలుపు తిరగక ముందే వినిపించింది. ఏడుపు కాదు. గరగర. పళ్లు కొరుకుతున్నట్టు. బేరింగు లోపల ముక్కలైతేనే ఆ సౌండు వస్తుంది. పోయి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. బావ బ్రేకు వేశాడు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసుకున్నాను.

వెనక కూర్చున్నవాళ్లు అప్పుడే నవ్వు మొదలుపెట్టారు. పొద్దున్నే ఆట మొదలైందర్రా అన్నారెవరో. అందరూ దిగండి అన్నాను. ఒక్కరూ దిగలేదు. రాళ్లు కొట్టే ముసలమ్మ ఒకామె, దిగితే నువ్వు మోసుకుపోతావా బాబూ అంది. ఇంకా నవ్వులు. అక్క, తప్పుకోరా టైమవుతోంది, అక్కడ పొయ్యి వెలిగించాలి అంటోంది.

చెప్పేశాను. అందరి ముందూ. చక్రం క్యాపులో గుండు వేసింది నేనేనని, హౌసింగు పోయిందన్నది తమాషాకని, బాగున్నదాన్ని విప్పిస్తే పాడైందని, ఇప్పుడు నిజంగా పోయిందని, ఇక కొండెక్కితే దిగలేరని. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

పగలబడి నవ్వారు. ముసలమ్మ చప్పట్లు కొట్టింది. అక్క కళ్లు తుడుచుకుంటూ, దీనికెన్ని రోజులు ప్రాక్టీసు చేశావురా అంది. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. ఇన్నేళ్లూ అందర్నీ నవ్వించానని గర్వపడ్డాను. ఇప్పుడు బతిమాలితే కూడా నవ్వుతున్నారు.

బావ ఒక్కడే నవ్వలేదు. కిందికి దిగాడు. నా ఎదురుగా నిలబడి చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఆ గుండు దొరికింది. మేస్త్రీ క్యాపు తియ్యగానే కింద పడింది. నా చేతిలో పెట్టి, ఇదేనయ్యా నీ సౌండు, హౌసింగు జోలికి పోవద్దు, బాగుంది అన్నాడు. నేనే వినలేదు. మా బామ్మర్ది పోయిందన్నాడు, వాడు హౌసింగు సంగతిలో తప్పు చెప్పడు, విప్పు అన్నాను."

నవ్వులు ఆగిపోయాయి.

"ఎవడో పిల్లాడు వేసుంటాడనుకున్నాను, ఆ గుండు," అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, దిగండి అన్నాడు. ఒక్కొక్కరే దిగారు. నేను తాళం ఇవ్వబోయాను. తీసుకోలేదు.

14, శుక్రవారం

విప్పాను. ముందు బేరింగు నీలం తిరిగిపోయింది, కాలిన పెనంలా. లోపలి రోలర్లు మూడు విరిగాయి. ఒక ముక్క పినియన్ పళ్ల దాకా పోయి అక్కడే ఇరుక్కుంది. మహా అయితే ఇంకో రెండు ట్రిప్పులు తిరిగేది. మూడు కాదు.

క్వారీ వాళ్లని ఎవరిదో వ్యాను తీసుకుపోయింది. అందులో అక్క కూడా పోయిందట.

బావ రాలేదు.

15, శనివారం

వంతెన అవతలికి పోయాను. మేస్త్రీ లోపలి నుంచి నన్ను చూసి బయటికొచ్చాడు. పినియన్ దగ్గర వాషర్లు ఎన్ని వేశారని అడిగాను. మూడు తీశాను, రెండు వేశాను, ఒకటి చిరిగింది, ఏం కాదులే అనుకున్నాను అన్నాడు. చెప్పి తల దించుకున్నాడు. ఒకటి తగ్గేసరికి అంత బిగుసుకుంది. నన్ను చూస్తే ఆయనకి సిగ్గు, ఆయన్ని చూస్తే నాకు. ఇద్దరం కాసేపు అక్కడే ఉన్న లారీ వంక చూశాం. కొత్త వాషర్లు మూడు తన డబ్బాలోంచి తీసి ఇచ్చాడు.

మామూలుగా ఈ గేరుని చేత్తో తిప్పి బిగువు చెప్పేస్తాను. ఇవాళ నా చేతిని నేను నమ్మలేదు. పాత సామాన్ల కొట్టులోంచి స్ప్రింగు తక్కెడ తెచ్చి, పినియన్ మూతికి దారం చుట్టి, ఎంత బరువుకి తిరుగుతుందో తక్కెడతో లాగి చూశాను. పుస్తకంలో రాసిన పద్ధతి. ఇరవై ఆరేళ్ల మెకానిక్కు పనిలో ఎప్పుడూ చెయ్యలేదు. మూడుసార్లు బిగించి మూడుసార్లు విప్పాను. తర్వాత పెద్ద గేరు పళ్లకి తెల్ల పెయింటు పూసి తిప్పాను, రెండు గేర్లూ ఎక్కడ రాసుకుంటున్నాయో మరక చెబుతుందని. మరక పంటి మధ్యలో పడింది. బాగుంది. అయినా తుడిచి మళ్లీ పూశాను.

మధ్యాహ్నం అక్క వచ్చింది. స్టూలు మీద కూర్చుని నేను చేసేది చూసింది. నన్ను తిట్టు అక్కా అన్నాను.

"తిట్టి ఏం చెయ్యను? తమాషా చేశావు, పోనీ. నాకు గుచ్చుకుంది అది కాదు," అంది. "నీకు తెలిశాక కూడా నేను మూడు రోజులు నీ షెడ్డు ముందు నుంచే పోయానురా. చెయ్యి ఊపావు."

నేను తెల్ల పెయింటు డబ్బా మూత పెట్టాను. తీశాను. పెట్టాను.

బావకి కోపంగా ఉందా అని అడిగాను. లేదంది. కోపముంటే నాకు తెలిసేది, అన్నం మామూలుగానే తింటున్నారు, నీ పేరు మాత్రం ఎత్తట్లేదు అంది.

16, ఆదివారం

బిగించాను. వాటర్ ట్యాంకు దాకా ఒక్కణ్నే తోలుకెళ్లాను. ఇరవై, నలభై, అరవై. తొక్కి, వదిలి, మళ్లీ తొక్కి. సౌండు లేదు. ఆపి, దిగి, మూతి మీద చెయ్యి పెట్టాను. పది దాకా లెక్కపెట్టాను. ఇంకా పెట్టే ఉంచాను. గోరువెచ్చగా ఉంది.

ఖాళీ బండితో చూస్తే సరిపోదని క్వారీ దాకా ఎక్కాను, వెనక ఇసుక బస్తాలు వేసుకుని. ఎనిమిది మలుపులూ దిగాను. ఏమీ లేదు. మామూలప్పుడైతే ఈ పాటికి బావకి ఫోన్ చేసి, నీ జీపు గొంతు పోయింది, ఇక పాడదు అని ఏడిపించేవాణ్ని.

చెయ్యలేదు. అక్కకి చేసి, రేపు పొద్దున తీసుకెళ్లచ్చు అని చెప్పాను.

17, సోమవారం

ఆరున్నరకి వచ్చాడు. అక్క రాలేదు, మలుపు దగ్గర ఎక్కుతుందట. జీపు షెడ్డు ముందు పెట్టి ఉంచాను. అద్దాలు తుడిచాను కూడా.

తాళం ఇచ్చాను. తీసుకున్నాడు. ఏమేం మార్చానో చెప్పడం మొదలుపెట్టాను. బేరింగులు రెండూ కొత్తవి, వాషర్లు మూడు, సీలు కొత్తది, నూనె కొత్తది. తలూపాడు. ఒక్క అబద్ధం లేదు అందులో. అయినా చెబుతుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"అయిపోయినట్టేనా?" అన్నాడు.

అయిపోయింది బావా అన్నాను.

మామూలుగా అయితే ఎక్కి పోయేవాడు. ఇరవై ఏళ్లుగా నేను చేసిన పనికి బావ చేసే పరీక్ష అంతే. తాళం తిప్పడం, పోవడం.

ఇవాళ జీపు వెనక్కి నడిచాడు. ఆయనకి మోకాళ్ల నొప్పి కదా, డిక్కీ తలుపు పట్టుకుని మెల్లగా ఒక కాలు ముడిచాడు, తర్వాత రెండోది. జేబులోంచి చిన్న టార్చి తీశాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. తల వంచి హౌసింగు కిందికి చూశాడు. ఏం చూడాలో ఆయనకి తెలియదు. అయినా చూస్తూనే ఉన్నాడు. చెయ్యి చాచి మూతిని ముట్టుకున్నాడు, నట్టు కదులుతుందేమోనని వేళ్లతో తిప్పి చూశాడు.

నా వెనక నుంచి పొద్దుటి ఎండ వస్తోంది. నా నీడ సరిగ్గా ఆయన చూస్తున్న చోటే పడుతోంది.

పక్కకి జరిగాను.